ఎల్లలు మార్చే అధికారం ఎవరిది? కాన్‌స్టిట్యూట్ వెబ్‌సైటుపై ఒక అధ్యాపకురాలి సమీక్ష

మన పాఠ్యపుస్తకాల్లో రాజ్యాంగాల వర్గీకరణ ఒక పట్టికతో మొదలై ఆ పట్టికతోనే ముగిసిపోతుంది. లిఖిత, అలిఖిత. దృఢ, అదృఢ. ఏకకేంద్ర, సమాఖ్య. అధ్యక్ష తరహా, పార్లమెంటరీ తరహా. ఒక వైపు రకం పేరు, ఇంకొక వైపు దేశం పేరు. విద్యార్థి దాన్ని బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకుని, ఆ దేశాల రాజ్యాంగాల్లో ఒక్క వాక్యమైనా చదవకుండానే డిగ్రీ పూర్తి చేస్తాడు. ఖమ్మంలో తెలుగు మాధ్యమం విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్పే నన్ను చాలాకాలంగా వేధిస్తున్న విషయం ఇది. ఈ కొరత తీర్చడానికి నాకు దొరికిన సాధనాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది కాన్‌స్టిట్యూట్ అనే వెబ్‌సైటు. అధ్యాపకులూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవాళ్లూ దీన్ని ఎలా వాడుకోవచ్చో, ఎక్కడ దీని మీద పూర్తిగా ఆధారపడకూడదో వివరంగా రాస్తున్నాను.

చిరునామా కాన్‌స్టిట్యూట్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్. రాజ్యాంగాలను తులనాత్మకంగా అధ్యయనం చేసే అమెరికా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల ఆచార్యులు, జాకరీ ఎల్కిన్స్, టామ్ గిన్స్‌బర్గ్, జేమ్స్ మెల్టన్, 2013లో దీన్ని ప్రజల ముందుకు తెచ్చారు. మొదట్లో గూగుల్ సంస్థ ఆర్థిక సాయం అందించింది. ప్రపంచంలోని దాదాపు అన్ని స్వతంత్ర దేశాల రాజ్యాంగాలూ ఇక్కడ ఉన్నాయి. చదవడానికి, దించుకోవడానికి రూపాయి కట్టనక్కర్లేదు. ఇంగ్లిషు, అరబిక్, స్పానిష్ భాషల్లో నడుస్తుంది. తెలుగు లేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

దీని అసలు బలం విషయాలవారీ సూచికలో ఉంది. కార్యనిర్వాహక శాఖ, శాసనశాఖ, న్యాయశాఖ, సమాఖ్య వ్యవస్థ, సవరణ, హక్కులు అంటూ పెద్ద శీర్షికలు, వాటి కింద వందలకొద్దీ చిన్న అంశాలు. 'అత్యవసర పరిస్థితి' మీద నొక్కితే అన్ని దేశాల్లోనూ దానికి సంబంధించిన అధికరణలు వెతికి పెడుతుంది. రెండు రాజ్యాంగాలను పక్కపక్కన తెరిచి, ఒకే అంశం మీద రెండూ ఏమంటున్నాయో చూడవచ్చు. తరగతిలో నేను ఎక్కువగా వాడేది ఈ పక్కపక్క పఠనమే. ప్రొజెక్టర్ మీద రెండు నిలువు వరుసలు కనిపిస్తుంటే విద్యార్థులు తేడాలను వాళ్లే పట్టుకుంటారు.

మొదటి పాఠానికి నేను ఎంచుకునేది ఎల్లల ప్రశ్న. ఒక రాష్ట్రం సరిహద్దును ఎవరు మార్చగలరు, మార్చే ముందు ఎవరిని అడగాలి? మా తరగతిలో కూనవరం, చింతూరు వైపు నుంచి వచ్చిన పిల్లలుంటారు. వాళ్ల ఊళ్లు ఖమ్మం జిల్లాలో ఉండేవి. 2014 మే నెలాఖరులో, తెలంగాణ ఏర్పాటుకు కొద్ది రోజుల ముందు, పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం అభ్యంతరం చెప్పినా జులైలో పార్లమెంటు దాన్ని చట్టంగా చేసింది. కాబట్టి ఈ ప్రశ్న వాళ్లకు పరీక్ష ప్రశ్న కాదు. వాళ్ల అమ్మానాన్నల రేషన్ కార్డు, ఆధార్ చిరునామా, పిల్లల స్థానికత, అన్నిటినీ తాకిన ప్రశ్న.

తెర మీద ఎడమ వైపు మన మూడో అధికరణ పెడతాను. కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయడం, ఉన్న రాష్ట్ర విస్తీర్ణం పెంచడం, తగ్గించడం, ఎల్లలు మార్చడం, పేరు మార్చడం, అన్నీ పార్లమెంటు మామూలు చట్టంతో చేయవచ్చు. రాష్ట్రపతి సిఫారసు కావాలి. సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం బిల్లును పంపాలి. అభిప్రాయం చెప్పడానికి గడువు పెట్టే వీలు 1955లో అయిదో సవరణతో వచ్చింది. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని 1959లో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లును ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. రాజ్యాంగం ప్రకారం ఇందులో అడ్డంకి ఏదీ లేదు.

కుడి వైపు అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణలోని మూడో సెక్షన్. ఉన్న రాష్ట్రం పరిధిలో కొత్త రాష్ట్రం ఏర్పడాలంటే కాంగ్రెస్‌తో పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి. మసాచుసెట్స్ ఒప్పుకుంది కాబట్టే 1820లో మేయిన్ విడి రాష్ట్రమైంది. అంతర్యుద్ధ కాలంలో 1863లో వర్జీనియా నుంచి వెస్ట్ వర్జీనియాను విడదీసినప్పుడు, అసలు వర్జీనియా ప్రభుత్వం తిరుగుబాటు పక్షాన ఉంది. అందుకని కేంద్రానికి విధేయంగా ఉన్నవాళ్లతో మరో వర్జీనియా ప్రభుత్వాన్ని నిలబెట్టి, దాని చేత అంగీకారం ఇప్పించారు. యుద్ధం మధ్యలో కూడా ఆ నిబంధనను దాటిపోవడానికి వాళ్లకు ధైర్యం చాలలేదు. ఒక వాక్యానికి ఎంత బరువు ఉండగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక్కడితో ఆపను. స్విట్జర్లాండ్ 53వ అధికరణ తెరుస్తాను. కాంటన్ల (అక్కడి రాష్ట్రాల) సంఖ్య మారాలంటే ఆ ప్రాంత ప్రజలు ఒప్పుకోవాలి, సంబంధిత కాంటన్లు ఒప్పుకోవాలి, ఆపైన దేశ ప్రజల మెజారిటీ, కాంటన్ల మెజారిటీ రెండూ కావాలి. బెర్న్ నుంచి విడిపోయి జూరా కాంటన్ 1979లో ఏర్పడడానికి ముందు ఎన్నో ఓటింగులు జరిగాయి. జర్మనీలో బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ కలవాలని రెండు ప్రభుత్వాలూ అనుకున్నాయి, ఒప్పందం రాసుకున్నాయి. 1996లో ప్రజల్ని అడిగితే బెర్లిన్ సరే అంది, బ్రాండెన్‌బర్గ్ వద్దంది. విలీనం ఆగిపోయింది.

భారత్, అమెరికా, స్విట్జర్లాండ్, జర్మనీ. మన పట్టికలో ఈ నాలుగూ ఒకే గడిలో, సమాఖ్య అన్న గడిలో కూర్చుంటాయి. ఒక్క ప్రశ్న వేయగానే నాలుగూ నాలుగు దారులు పట్టాయి. నేను ఈ వెబ్‌సైటును ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే. రకం పేరు పక్కన పెట్టి, ఎవరిని అడగకుండా ఎవరు ఏమి చేయగలరు అని వెతికేలా చేస్తుంది.

ఆ పేర్ల కోసం వెతకడం కూడా మంచి అభ్యాసమే. మన రాజ్యాంగం మొదటి అధికరణ దేశాన్ని 'రాష్ట్రాల యూనియన్' అంటుంది, సమాఖ్య అనదు. స్పెయిన్ 1978 రాజ్యాంగం కూడా తనను సమాఖ్య అని చెప్పుకోదు, పైగా స్వయంపాలిత సమాజాలు తమలో తాము సమాఖ్యగా ఏర్పడకూడదని 145వ అధికరణలో నిషేధించింది. అలాంటి దేశంలో 17 స్వయంపాలిత సమాజాలకు సొంత పార్లమెంట్లు, సొంత ప్రభుత్వాలు ఉన్నాయి. శ్రీలంక రెండో అధికరణ మాత్రం దేశం ఏకకేంద్రమని సూటిగా ప్రకటించింది. మన రాజ్యాంగం కాలాన్నీ పరిస్థితులనూ బట్టి ఏకకేంద్రంగానూ సమాఖ్యగానూ పనిచేయగలదని 1948 నవంబరు 4న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చెప్పారు. ఈ అధికరణలు చదివాక ఆ మాట చెబితే పిల్లలకు అర్థం కావడం తేలిక.

మూడో అధికరణ మీద నా అభిప్రాయం కూడా చెప్పాలి. 1950లో ఈ దేశ పటం ఇంకా తడి ఆరలేదు. హైదరాబాద్ సంస్థానం కలిసి రెండేళ్లు కూడా కాలేదు. వందల సంస్థానాలను సర్ది రాష్ట్రాలుగా నిలబెట్టాల్సి ఉంది. ప్రతి రాష్ట్రానికీ అడ్డుకునే హక్కు ఇచ్చి ఉంటే 1953లో ఆంధ్ర రాష్ట్రం కానీ, 1956 పునర్విభజన కానీ ఎంత కష్టమయ్యేవో ఊహించవచ్చు. అందువల్ల ఆ అధికారం పార్లమెంటుకు ఇవ్వడంలో అర్థముంది. కానీ ఊళ్లు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పోయేటప్పుడు ఆ ఊళ్లవాళ్లను అడగాలన్న మాట రాజ్యాంగంలో ఎక్కడా లేకపోవడం నాకు సరైనదిగా అనిపించదు. స్విస్ అధికరణను తెర మీద చూసిన చింతూరు అమ్మాయి ఒకరు, "మేడమ్, మా ఊళ్లో ఎవరినీ అడగలేదు" అన్నప్పుడు నేను జవాబు చెప్పలేదు, మళ్లీ మన అధికరణ చదవమన్నాను.

రెండో పాఠానికి స్థానిక ప్రభుత్వాలు. ఇందుకోసం నేపాల్ 2015 రాజ్యాంగాన్ని మన దానితో కలిపి తెరుస్తాను. మన 73వ సవరణ పదకొండో షెడ్యూలులో 29 అంశాలను చేర్చింది. చాలామంది అవి పంచాయతీలకు వచ్చేసిన అధికారాలే అనుకుంటారు. 243జి అధికరణ చదివితే, రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా అలాంటి అధికారాలను ఇవ్వవచ్చు అని ఉంటుంది. ఇవ్వాలి అని లేదు. నేపాల్ తన ఎనిమిదో షెడ్యూలులో స్థానిక ప్రభుత్వాల అధికారాలను కేంద్ర, ప్రాంతీయ జాబితాలతో సమానంగా ఒక జాబితాగానే రాసింది. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం 40వ సెక్షన్‌లో జాతీయ, ప్రాంతీయ, స్థానిక ప్రభుత్వాలు మూడూ ప్రత్యేకమైనవి, పరస్పరం ఆధారపడినవి, సంబంధం ఉన్నవి అని చెప్పింది. మా విద్యార్థుల ఇళ్లలో వార్డు సభ్యులు, ఎంపీటీసీలు ఉన్నారు. నిధుల కోసం ఎవరి దగ్గరకు తిరగాలో వాళ్లకు బాగా తెలుసు. ఆ తిరుగుడుకు మూలం ఒక క్రియాపదంలో ఉందని తెలిసినప్పుడు తరగతి చురుకుగా మారుతుంది.

భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలతో, గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే మన అయిదో షెడ్యూలు కూడా చదివిస్తాను. పార్లమెంటు చట్టమైనా రాష్ట్ర చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని, లేదా మార్పులతో వర్తిస్తుందని గవర్నరు ప్రకటించవచ్చని అయిదో పేరాలో ఉంది. ఒకే దేశంలో, ఒకే రాష్ట్రంలో కూడా అధికారం అన్ని చోట్లా ఒకే రకంగా పంచలేదనడానికి ఇది సాక్ష్యం. ఇంత పెద్ద అధికారం కాగితం మీద ఉందని ఆ ప్రాంతంలో పుట్టిన పిల్లలకే తెలియకపోవడం విచారకరం.

ఎగువ సభల విషయానికి వస్తే సూచిక బాగా సాయపడుతుంది. అమెరికా సెనేట్‌లో చిన్న రాష్ట్రమైనా పెద్ద రాష్ట్రమైనా ఇద్దరే. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, సిక్కింకు ఒకటి. జర్మనీ బుందెస్రాట్‌లో కూర్చునేది రాష్ట్ర ప్రభుత్వాల మంత్రులే, ఒక్కో రాష్ట్రానికి మూడు నుంచి ఆరు ఓట్లు, అవన్నీ ఒకే మాటగా పడాలి. ఈ మూడింటిలో రాష్ట్ర ప్రభుత్వం గొంతు నేరుగా వినిపించేది జర్మనీలోనే.

మూడో పాఠం కొంచెం భిన్నం, ఎందుకంటే ఇక్కడే ఈ వెబ్‌సైటు పరిమితి తెలుస్తుంది. ఆస్ట్రేలియా రాజ్యాంగం తెరిచి ప్రధానమంత్రి అన్న మాట వెతకమంటాను. దొరకదు. దేశాన్ని నడిపే వ్యక్తి పదవి పేరే ఆ పత్రంలో లేదు. కార్యనిర్వాహక అధికారం రాణిది, ఆమె తరఫున గవర్నర్ జనరల్‌ది అని మాత్రం ఉంటుంది. ఆ పత్రం మాత్రమే చదివినవాళ్లు ఆస్ట్రేలియాను రాజు పాలించే దేశం అనుకుంటారు. నిజంగా నడిపేది సంప్రదాయం. బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ఒకే పత్రం లేదు కాబట్టి వెబ్‌సైటువాళ్లు రాజు అధికారాలకు హద్దులు పెట్టిన పాత పత్రం మాగ్నాకార్టా మొదలుకుని అనేక చట్టాలను కలిపి ఒక రాజ్యాంగంగా చూపించారు, పేరు పక్కన 1215 అని సంవత్సరం కూడా వేశారు. వెతకడానికి సౌకర్యమే, కానీ మొదటిసారి చూసే విద్యార్థి బ్రిటన్‌కు ఎనిమిది వందల ఏళ్ల నాటి లిఖిత రాజ్యాంగం ఉందనుకునే ప్రమాదం ఉంది. అధ్యాపకులు పక్కన ఉండి చెప్పాల్సిన చోటు అది.

మన దగ్గర కూడా అంతే. 164వ అధికరణ ప్రకారం మంత్రులు గవర్నరు ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారు. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఒక నెల పాటు సాగిన ఆందోళన తర్వాత సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆగస్టులోనూ సెప్టెంబరులోనూ ఆ అధికరణలో ఒక్క అక్షరం మారలేదు. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది శాసనసభలోనే అని 1994లో బొమ్మై తీర్పు స్పష్టం చేశాక గానీ ఆ 'ఇష్టా'నికి గట్టి హద్దు పడలేదు. కాన్‌స్టిట్యూట్‌లో అధికరణ ఉంటుంది, బొమ్మై తీర్పు ఉండదు. ఆగస్టు సంక్షోభం అసలే ఉండదు.

జర్మనీ 67వ అధికరణను దీని పక్కన పెట్టి చూపిస్తాను. అక్కడ చాన్సలర్‌ను, అంటే ప్రభుత్వాధినేతను, దించాలంటే ఆయన స్థానంలో ఎవరో అదే ఓటుతో ఎన్నుకోవాలి. 1972లో విల్లీ బ్రాంట్ మీద ఈ ప్రయత్నం ఓడిపోయింది, 1982లో హెల్ముట్ ష్మిట్ స్థానంలో హెల్ముట్ కోల్ వచ్చారు. అధికరణ రాసిన తీరే అస్థిరతను అడ్డుకుంటోంది. ఫ్రాన్స్ మరో రకం. 1958 రాజ్యాంగం 20వ అధికరణలో దేశ విధానాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుందని ఉంది. అధ్యక్షుడి పార్టీకే పార్లమెంటులో మెజారిటీ ఉన్నప్పుడు ఆ వాక్యం నిద్రపోతుంది, వేరే పక్షం గెలిచినప్పుడు, 1986లోనూ 1993లోనూ 1997లోనూ గెలిచినట్లు, లేచి కూర్చుంటుంది. ఒకే రాజ్యాంగం కింద కొన్నేళ్లు అధ్యక్ష పాలన, కొన్నేళ్లు ప్రధాని పాలన. వర్గీకరణ పట్టికలో అర్ధాధ్యక్ష తరహా అని రాసేస్తే ఈ కదలిక అంతా పోతుంది.

సవరణల అంశం కూడా చూడదగ్గదే, క్లుప్తంగా చెబుతాను. ఆస్ట్రేలియా 128వ సెక్షన్ ప్రకారం దేశ ఓటర్లలో మెజారిటీతో పాటు ఆరు రాష్ట్రాల్లో నాలుగింట మెజారిటీ కావాలి. 2023 వరకు 45 ప్రతిపాదనలు ప్రజల ముందుకు వెళ్తే ఎనిమిదే నెగ్గాయి. జర్మనీ 79వ అధికరణ కొన్నిటిని ఎప్పటికీ సవరించకూడదని రాసిపెట్టింది. సవరణల గురించి చెప్పే మన 368వ అధికరణలో అలాంటి మాట లేదు, 1973లో కేశవానంద భారతి కేసులో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదంటూ సుప్రీంకోర్టు ఆ గీత గీసింది.

ఇక వాడేవాళ్లు జాగ్రత్త పడాల్సినవి. ప్రతి రాజ్యాంగం పేరు పక్కన ఏ సంవత్సరం వరకు సవరణలు చేర్చారో ఉంటుంది. అది చూడకుండా ఏదీ రాసుకోవద్దు. భారత రాజ్యాంగం విషయంలో తాజా సవరణల కోసం కేంద్ర న్యాయశాఖ ప్రచురించే ప్రతినే ప్రమాణంగా తీసుకోవాలి. ఇంగ్లిషేతర దేశాల పాఠాలు అనువాదాలన్న సంగతి గుర్తుంచుకోవాలి, ఒక్క పదం మీద వాదన నిలబెట్టాల్సి వస్తే అది సరిపోదు. విషయ సూచిక మనుషులు తయారుచేసింది. మనం వెతికే ప్రశ్నకు సరిపోయే శీర్షిక ఒక్కోసారి ఉండదు, అప్పుడు పదంతో వెతకడమే మార్గం. చిన్న ఫోనులో రెండు రాజ్యాంగాలను పక్కపక్కన చదవడం కళ్లకు శ్రమ, కంప్యూటర్ ఉంటేనే దీని విలువ పూర్తిగా దక్కుతుంది.

భాష కొరత మాత్రం నన్ను నిజంగా బాధపెడుతుంది. మా పిల్లల్లో ఎక్కువమంది న్యాయశాస్త్రపు ఇంగ్లిషును ఒంటరిగా చదవలేరు. మన రాజ్యాంగానికి తెలుగు అనువాదం ఉంది. నేపాల్, దక్షిణాఫ్రికా, జర్మనీ రాజ్యాంగాలు తెలుగులో చదవాలంటే ఎక్కడికి పోవాలి? నేను తరగతికి కావాల్సిన అధికరణలను తెలుగులోకి చేసి పంచుతున్నాను. ఇది ఒక్కరు చేసే పని కాదు. తెలుగు అకాడమీ పదకోశాలు ఉన్నాయి, అనువాదం చేయగల అధ్యాపకులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అధికార పంపిణీకి సంబంధించిన అధికరణలను ఒక ఇరవై దేశాల నుంచి తెలుగులోకి తెస్తే పోటీ పరీక్షల గైడు పుస్తకాల మీద ఆధారపడే అవసరం సగం తగ్గుతుంది. విశ్వవిద్యాలయాలు ఈ పని చేపట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంత చెప్పాక నా తీర్పు సూటిగా: డబ్బు అడగని, ప్రకటనలతో విసిగించని, మూల పాఠాన్ని చేతిలో పెట్టే ఇలాంటి సాధనం మరొకటి నాకు కనబడలేదు. చరిత్ర పుస్తకం, సుప్రీంకోర్టు తీర్పులు పక్కన పెట్టుకుని వాడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మన మూడో అధికరణను అమెరికా నాలుగో అధికరణతో, 243జిని నేపాల్ ఎనిమిదో షెడ్యూలుతో, 164ను జర్మనీ 67తో కలిపి చదవండి. ఈ మూడు జతలకు ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. చదివేటప్పుడు పక్కన తెల్లకాగితం పెట్టుకుని, ప్రతి అధికరణలో 'చేయాలి' అన్నది ఎక్కడుందో, 'చేయవచ్చు' అన్నది ఎక్కడుందో విడివిడిగా రాసుకోండి.